రోజంతా ఆన్‌లో ఉండే యాంప్లిఫయర్‌లో ట్యూబులు ఎన్నాళ్లొస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీది గాజు వాక్యూమ్ ట్యూబులతో నడిచే స్టీరియో యాంప్లిఫయర్: స్పీకర్లను నడిపే నాలుగు ఈఎల్34 పవర్ ట్యూబులు, ముందు వైపు సిగ్నల్‌ను పెంచే మూడు ఈసీసీ83 చిన్న ట్యూబులు. రోజుకు తొమ్మిది గంటల చొప్పున వారానికి ఆరు రోజులు నడుస్తుంది. ట్యూబులు వెయ్యి గంటలకే పోతాయని ఒకరన్నారు, పదివేల గంటలు వస్తాయని ఇంకొకరన్నారు. ఏడాదికోసారి సెట్టు మొత్తం మార్చెయ్యాలా, మధ్యలో గంట విరామం వచ్చినప్పుడల్లా ఆపెయ్యడం మంచిదా అని అడిగారు.

ఇద్దరూ చెప్పింది నిజమే, కాకపోతే ఒకాయన పవర్ ట్యూబుల గురించి, ఇంకొకాయన చిన్న ట్యూబుల గురించి చెప్పి ఉంటారు. ఈఎల్34 లాంటి పవర్ ట్యూబులు బయాస్ (పాట లేనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే సర్దుబాటు) సరిగ్గా ఉన్న యాంప్లిఫయర్‌లో 2000 నుంచి 3000 గంటలు వస్తాయని లెక్క వేసుకోండి. బయాస్ కరెంటు ఎక్కువగా పెట్టి మరిగిస్తే 1000–1500 గంటలకే దిగిపోతాయి. నెమ్మదిగా నడిపిస్తే 5000 దాటినవీ ఉన్నాయి. ఈసీసీ83 లాంటి చిన్న ట్యూబులు 10,000 గంటలు లాగడం మామూలే. మీ వాడకం ఏడాదికి సుమారు 2800 గంటలు అవుతోంది. కాబట్టి పవర్ ట్యూబులు ఇంచుమించు ఏడాదికోసారి మార్చాల్సి రావచ్చు, చిన్నవాటి జోలికి వెళ్లనక్కర్లేదు. అయితే ఏడాది నిండిందని మార్చకండి. కొలిచి చూసి, దిగిపోయిందని తేలాక మార్చండి. ఎలా కొలవాలో కింద రాస్తాను.

ముందు అసలు ట్యూబులో అరిగేది ఏమిటో చెప్పాలి. చాలామంది బల్బులో ఫిలమెంట్ తెగినట్టు ఇందులోనూ ఏదో తెగుతుందనుకుంటారు. హీటర్ తెగిపోయి చచ్చిన ట్యూబులు నా బల్ల మీదికి అరుదుగా వస్తాయి. ఎక్కువ భాగం కాథోడ్ నీరసించి వస్తాయి. కాథోడ్ అంటే సన్నటి నికెల్ గొట్టం, దాని మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల తెల్లటి పూత. లోపలున్న హీటర్ దాన్ని 700 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడి చేస్తే ఆ పూత నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. ఆ వేడికి పూతలోని బేరియం కొద్దికొద్దిగా ఆవిరవుతూనే ఉంటుంది. అది అయిపోతూ ఉన్నకొద్దీ ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, ట్యూబు బలం తగ్గుతుంది. దీనికి తోడు ఆ ఎలక్ట్రాన్లను అందుకునే ప్లేటు, దారిలో వాటిని అదుపు చేసే తీగల గ్రిడ్లు మరీ వేడెక్కితే వాటి లోహంలో ఇరుక్కున్న గ్యాసు బయటికొచ్చి కాథోడ్ పూతను పాడుచేస్తుంది. ట్యూబు పైభాగంలోనో పక్కనో అద్దంలా మెరిసే మచ్చ చూసే ఉంటారు, అదే గెటర్. అదీ బేరియమే. ఆ గ్యాసును పీల్చుకోవడమే దాని పని. దాని శక్తికీ ఒక హద్దుంది.

అంటే వయసును తినేది వేడి, కరెంటు. ఇవి రెండూ ట్యూబు చేతిలో లేవు, యాంప్లిఫయర్ చేతిలో ఉన్నాయి. అందుకే ఒకే డబ్బాలోంచి తీసిన రెండు ట్యూబులు రెండు యాంప్లిఫయర్లలో పెడితే ఒకటి మూడేళ్లు, ఇంకొకటి ఎనిమిది నెలలు వస్తుంది. ట్యూబు స్వతహాగా అల్పాయుష్షు వస్తువేమీ కాదు. 1956లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిఫోన్ కేబుల్‌లో 306 ట్యూబులు ఉండేవి. 1978లో ఆ కేబుల్‌ను పక్కన పెట్టేవరకు, 22 ఏళ్లు రాత్రింబవళ్లు పనిచేసినా ట్యూబు పోయిందన్న ఫిర్యాదు రాలేదు. అవి ప్రత్యేకంగా, ఎంతో జాగ్రత్తగా చేసినవి, వాటిని వాడింది కూడా చాలా తక్కువ కరెంటు మీద. మన యాంప్లిఫయర్‌లో ఈఎల్34ని నడిపేది దాని గరిష్ఠ పరిమితికి దగ్గర్లో. చిన్న ట్యూబు ఒకటో రెండో మిల్లీ యాంపులు మోస్తుంటే పవర్ ట్యూబు నలభై మోస్తుంది. వాటి గంటల లెక్కలో అంత తేడా రావడానికి కారణం అదే.

ఇక బయాస్. మీ ప్రశ్నకు జవాబులో ముప్పావు వంతు ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఈఎల్34 ప్లేటు తట్టుకోగల వేడి 25 వాట్లు. మీ యాంప్లిఫయర్‌లో ప్లేటు మీద 450 వోల్టులు ఉన్నాయనుకుందాం. పాట లేనప్పుడు ఒక్కో ట్యూబు 38 మిల్లీ యాంపులు తీసుకుంటే 450ని 0.038తో గుణించండి, 17.1 వాట్లు. అంటే పరిమితిలో 68 శాతం. క్లాస్ ఏబీ పుష్‌పుల్ యాంప్లిఫయర్‌కు, అంటే జత ట్యూబులు పనిని పంచుకునే రకానికి, ఇది చక్కని చోటు. ఇదే ట్యూబును 50 మిల్లీ యాంపుల మీద పెడితే 22.5 వాట్లు, 90 శాతం. వినడానికి తేడా చాలామందికి తెలియదు. ట్యూబుకు మాత్రం బాగా తెలుస్తుంది. బయాస్ పెంచితే ధ్వని వెచ్చగా, నిండుగా ఉంటుందని చెప్పేవాళ్లున్నారు. 70 శాతం దాటాక వచ్చే లాభం, పోయే గంటలకు సరిపోదని నా అభిప్రాయం. రోజుకో గంట వినేవాళ్లు సరదాగా పెంచుకుంటే వాళ్లిష్టం, మీలా రోజంతా నడిపేవాళ్లకు అది దండగ. నేనైతే మీ యాంప్లిఫయర్‌ను 60 నుంచి 65 శాతం మధ్య ఉంచుతాను. మరీ తగ్గిస్తే చిన్న వాల్యూమ్‌లో ధ్వని కరకరలాడినట్టు వస్తుంది, అంత దూరం వెళ్లకండి.

ఒక చిన్న మెలిక. చాలా యాంప్లిఫయర్లలో బయాస్ కొలవడానికి కాథోడ్ కింద 1 ఓమ్ లేదా 10 ఓముల రెసిస్టర్ పెడతారు. 1 ఓమ్ అయితే మీటర్‌లో కనిపించే ప్రతి మిల్లీ వోల్టూ ఒక మిల్లీ యాంపు. కానీ అక్కడ కనిపించేది ప్లేటు కరెంటు, స్క్రీన్ (ప్లేటుకు ముందుండే మరో గ్రిడ్) కరెంటు రెండూ కలిపి. ఈఎల్34లో స్క్రీన్ వాటా నాలుగైదు మిల్లీ యాంపులు ఉండొచ్చు. కాబట్టి మీటర్ 42 చూపిస్తే ప్లేటుకు వెళ్లేది 37–38 అనుకోండి. యాంప్లిఫయర్ ఆన్ చేసిన వెంటనే కొలవకండి. అరగంట వేడెక్కనిచ్చి, పాట ఏమీ లేకుండా, స్పీకర్ కలిపి ఉండగా కొలవండి.

మూత తీసే అలవాటు లేకపోతే ఈ పని మీరు చెయ్యకండి. లోపల 450 వోల్టులు ఉంటాయి. ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో ఆ వోల్టేజి చాలాసేపు ఉండిపోవచ్చు. బయటే టెస్ట్ పాయింట్లు ఉన్న మోడల్ అయితే టెన్షన్ లేదు. లేదంటే తెలిసిన టెక్నీషియన్ చేత చేయించండి.

ఇప్పుడు నా బల్ల మీద ఎక్కువగా కనిపించే సంగతి. "నాలుగు ట్యూబుల్లో ఒకటే ఆర్నెల్లకోసారి పోతోంది, కంపెనీ మార్చినా అంతే" అంటూ తెస్తారు. నేను మొదట అడిగేది, పోయేది ఎప్పుడూ అదే సాకెట్లోనా అని. అవునంటే ట్యూబును అనుమానించడం మానేస్తాను. అలాంటి ఒక యాంప్లిఫయర్ బాగా గుర్తుంది. ఆన్ చేసిన కొత్తలో నాలుగు గ్రిడ్ల మీదా మైనస్ 38 వోల్టులు. మూడు అలాగే కదలకుండా ఉన్నాయి. నాలుగోది పది నిమిషాలకు మైనస్ 36, అరగంటకు మైనస్ 31. గ్రిడ్ మీద నెగటివ్ తగ్గితే ట్యూబు ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. ట్యూబు పీకేసి సాకెట్ దగ్గరే కొలిస్తే అప్పుడూ వోల్టేజి అలాగే జారుతోంది. దోషం ట్యూబులో లేదని అక్కడ ఖాయమైంది. దాని ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (పాటను మాత్రం వదిలి డీసీ వోల్టేజిని ఆపాల్సినది) వేడెక్కాక లీకవుతోంది, వెనక దశలోని పాజిటివ్ వోల్టేజి కొంచెం కొంచెంగా గ్రిడ్ మీదికి చేరుతోంది. వేలెడంత కెపాసిటర్ మార్చాక ఆ సాకెట్లో పెట్టిన ట్యూబు మిగతా మూడింటితో సమానంగా బతికింది. అప్పటివరకు అందరూ ట్యూబుల కంపెనీని తిట్టుకున్నారు.

ట్యూబు తీసి కొలిచినప్పుడు గ్రిడ్ వోల్టేజి నిలకడగా ఉండి, పెట్టినప్పుడు మాత్రమే జారుతుంటే కథ వేరు. అప్పుడు తప్పు ట్యూబుదే. దాంట్లో గ్యాసు చేరి ఉంటుంది, లేదా కాథోడ్ నుంచి ఎగిరిన బేరియం గ్రిడ్ మీద పేరుకుని గ్రిడ్డే ఎలక్ట్రాన్లు వదులుతూ ఉంటుంది. అలాంటిదాన్ని ఇంకొన్నాళ్లు చూద్దామని ఉంచకండి, తీసెయ్యండి.

హీటర్ వోల్టేజి సంగతి దాదాపు ఎవరూ చూడరు. ఈ ట్యూబుల హీటర్‌కు కావలసింది 6.3 వోల్టులు. డేటాషీట్లు పది శాతం అటూ ఇటూ ఒప్పుకుంటాయి గానీ, ఎక్కువ కాలం రావాలంటే ఐదు శాతం లోపల ఉండాలి. 220 వోల్టులకు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాత యాంప్లిఫయర్‌ను 240 వోల్టుల లైను మీద పెడితే హీటర్‌కు దాదాపు 6.9 వోల్టులు వెళ్తాయి. కాథోడ్ ఎక్కువ వేడెక్కుతుంది, బేరియం తొందరగా ఆవిరవుతుంది. అదే నిష్పత్తిలో ప్లేటు వోల్టేజి కూడా పెరుగుతుంది కాబట్టి దెబ్బ రెండు వైపులా. ట్రాన్స్‌ఫార్మర్‌కు 230, 240 వోల్టుల లైనుకు వేరే టాపింగులు (వైరు కలిపే చోట్లు) ఉంటే వైరు మార్చుకుంటే చాలు. తగ్గిస్తే మంచిదేగా అని 5.5 వోల్టులకు దించేవాళ్లూ ఉన్నారు. పవర్ ట్యూబులకు అదీ ప్రమాదమే. అడిగినంత కరెంటు ఇవ్వలేక కాథోడ్ పూత దెబ్బతింటుంది. 6.1 నుంచి 6.3 మధ్య ఉంటే నేను ముట్టుకోను.

గంట విరామంలో ఆపాలా? గంట, గంటన్నర అయితే అలాగే ఉంచండి. అంతకన్నా ఎక్కువైతే ఆపెయ్యండి. చల్లగా ఉన్న హీటర్ నిరోధం చాలా తక్కువ, కాబట్టి ఆన్ చేసిన క్షణంలో మామూలుకు కొన్ని రెట్ల కరెంటు దూకుతుంది. పైగా ప్రతిసారీ లోపలి లోహపు భాగాలు సాగి, మళ్లీ ముడుచుకుంటాయి. 1946 నాటి ఎనియాక్ కంప్యూటర్‌లో సుమారు 18,000 ట్యూబులు ఉండేవి. ఆన్, ఆఫ్ చేసేటప్పుడే ఎక్కువగా పోతున్నాయని గమనించి దాన్ని వీలైనంతవరకు ఆపకుండా నడిపేవాళ్లు. అలాగని రాత్రంతా ఆన్‌లో ఉంచడం మీకు లాభం కాదు. పాట ఆగినా పవర్ ట్యూబు పని ఆగదు, బయాస్ కరెంటు పారుతూనే ఉంటుంది, గంటల మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఎప్పుడూ పూర్తి కరెంటు పారే క్లాస్ ఏ యాంప్లిఫయర్ అయితే మరీనూ. దానికి నిశ్శబ్దం, హోరు రెండూ ఒకటే.

స్టాండ్‌బై స్విచ్ (హీటర్లను ఉంచి ప్లేటు వోల్టేజిని మాత్రం ఆపేది) ఉంటే దాన్ని గంటల తరబడి విరామాలకు వాడకండి. హీటర్ వేడిగా ఉండి ప్లేటు కరెంటు లేకుండా ట్యూబును గంటల తరబడి ఉంచితే కాథోడ్ పూతకూ నికెల్‌కూ మధ్య నిరోధక పొర ఒకటి ఏర్పడుతుంది. ట్యూబు బయటికి బాగానే కనిపిస్తుంది, బలం మాత్రం తగ్గుతుంది. టీ తాగొచ్చేంతసేపైతే ఏమీ కాదు. ఇంకో మాట, స్టాండ్‌బై లేకుండా ఒక్కసారిగా ఆన్ చేస్తే కాథోడ్ పూత ఊడిపోతుందని చెప్పుకుంటారు. వేల వోల్టుల ట్రాన్స్‌మిటర్ ట్యూబుల్లో ఆలోచించాల్సిన విషయం అది. నాలుగైదు వందల వోల్టుల ఆడియో యాంప్లిఫయర్‌కు దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మీ దాంట్లో ట్యూబు రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే ట్యూబు) ఉందో లేదో రాయలేదు. జీజెడ్34 అనే రెక్టిఫయర్ ఉంటే అదీ కొన్ని వేల గంటలు వస్తుంది, కానీ దాని తర్వాతి మొదటి ఫిల్టర్ కెపాసిటర్ 60 మైక్రోఫారడ్లు మించకూడదు. రిపేరు పేరుతో అక్కడ 100 పెట్టిన యాంప్లిఫయర్లు చూశాను. అలాంటి చోట రెక్టిఫయర్ మెరుపులు మెరిసి పోతుంది, పోతూ పోతూ ఫ్యూజునో ట్రాన్స్‌ఫార్మర్‌నో తీసుకుపోతుంది.

గాలి ఆడటం గురించి ఒక్క ముక్క. మూసిన అల్మారాలో, పుస్తకాల మధ్య పెట్టకండి. పైన కనీసం జానెడు ఖాళీ ఉండాలి. ట్యూబుల కన్నా ముందు పోయేవి పక్కనున్న ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు.

ట్యూబు దిగిపోతోందని ఎలా తెలుస్తుంది? చెవిని నమ్మకండి. తగ్గుదల ఎంత నెమ్మదిగా వస్తుందంటే రోజూ వినేవాళ్లు దానికి అలవాటుపడిపోతారు. కొత్త సెట్టు పెట్టాక "అరే, బాస్ ఇంత గట్టిగా ఉండేదా" అంటారు. అందుకే కొత్త ట్యూబులు పెట్టిన రోజే నాలుగింటి బయాస్ రీడింగులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, రెండు మూడు నెలలకోసారి మళ్లీ కొలవండి. మొదటి యాభై, వంద గంటల్లో రీడింగులు కొంచెం కదులుతాయి, అది మామూలే, మళ్లీ సర్దుకుంటే చాలు. తయారీ లోపం ఉన్న ట్యూబు కూడా ఎక్కువగా ఆ తొలి రోజుల్లోనే బయటపడుతుంది, కాబట్టి వారంటీ కాగితం అప్పుడే పారెయ్యకండి. ఆ తర్వాత చాలా నెలలు నిలకడగా ఉంటాయి. చివరికి ఒక దశలో అదే కరెంటు రప్పించడానికి బయాస్ పాట్‌ను (బయాస్ సర్దే చిన్న తిప్పుడు మరను) ప్రతిసారీ ఇంకొంచెం తిప్పాల్సి వస్తుంది. పాట్ చివరిదాకా తిప్పినా కరెంటు రావడం లేదంటే ఆ ట్యూబు పని అయిపోయినట్టే. కాథోడ్ రెసిస్టర్ ద్వారా బయాస్ తనంతట తానే కుదురుకునే సెల్ఫ్ బయాస్ యాంప్లిఫయర్ అయితే పాట్ ఉండదు. కాథోడ్ రెసిస్టర్ మీద కొత్తలో ఎంత వోల్టేజి ఉందో రాసుకుని, అది పదిహేను, ఇరవై శాతం తగ్గితే మార్చుకోవచ్చు. ట్యూబ్ టెస్టర్ దొరికితే ట్రాన్స్‌కండక్టెన్స్ (గ్రిడ్ వోల్టేజి మారితే ప్లేటు కరెంటు ఎంత మారుతుందో చెప్పే కొలత) చూపించేదే వాడండి. కొత్త ట్యూబు విలువలో 65–70 శాతానికి పడిపోతే పవర్ ట్యూబు వయసు అయిపోయినట్టు లెక్క.

కంటికి కనిపించే గుర్తులూ ఉన్నాయి. గాజు లోపలి గోడ మీద నీలం వెలుగు కనిపిస్తే భయపడకండి, దారి తప్పిన ఎలక్ట్రాన్లు గాజుకు తగిలి అలా మెరుస్తుంది. పాట హెచ్చుతగ్గులతో పాటు అది ఆడుతుంది కూడా. అదే వెలుగు ఊదా రంగులో ప్లేటు లోపల, ఎలక్ట్రోడ్ల మధ్య పొగలా నిండితే లోపల గ్యాసు ఉన్నట్టు. గెటర్ మచ్చ అంచులు కాలంతో గోధుమ రంగుకు తిరిగి పలచబడటం సహజం. మచ్చ మొత్తం పాలలా తెల్లబడితే గాలి లోపలికి చేరింది, ఇక దాన్ని ఆన్ చెయ్యకండి. ప్లేటు మధ్యలో ఎర్రగా కాలుతూ కనిపిస్తే ఒక్క క్షణం ఆలోచించకుండా స్విచ్ ఆపండి. నిమిషం ఆలస్యమైనా ట్యూబుతో పాటు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రమాదంలో పడుతుంది, దాని ముందు ట్యూబు ఖర్చు లెక్కే కాదు.

చిన్న ట్యూబుల విషయంలో ఏడాదికోసారి మార్చమని చెప్పేవాళ్లు ఎక్కువగా వాటిని అమ్మేవాళ్లే. ఈసీసీ83 బలం తగ్గి కాకుండా శబ్దం వల్ల రిటైరవుతుంది: చిటపటలు, సుయ్‌మనే హోరు, వేలితో తడితే స్పీకర్‌లో టంగ్‌మని మోగడం. అనుమానం వస్తే ఎడమ ఛానెల్ ట్యూబును కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చి చూడండి. శబ్దం ట్యూబుతో పాటు వెళ్తే ట్యూబుదే తప్పు. అక్కడే ఉండిపోతే సాకెట్టో రెసిస్టరో చూడాలి. ట్యూబు కొనేముందు సాకెట్ పిన్నులు ఒకసారి శుభ్రం చేయించండి. పోయిందని నా దగ్గరికి తెచ్చిన చిన్న ట్యూబుల్లో చాలావాటికి జబ్బు సాకెట్లోనే ఉంటుంది.

ఈఎల్34 తీసేసి కేటీ88 గానీ 6550 గానీ లాంటి పెద్ద పవర్ ట్యూబులు పెడితే ఎక్కువ కాలం వస్తాయి కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. పిన్నులు కలుస్తాయి గానీ అంత తేలిక కాదు. హీటర్ కరెంటు 1.5 యాంపుల నుంచి 1.6కి పెరుగుతుంది, బయాస్ వోల్టేజి వేరు. అసలు చిక్కు గ్రిడ్‌కు బయాస్ వోల్టేజి అందించే గ్రిడ్ రెసిస్టర్ దగ్గర. ఫిక్స్‌డ్ బయాస్‌లో (గ్రిడ్‌కు విడిగా నెగటివ్ వోల్టేజి ఇచ్చే పద్ధతిలో) ఈఎల్34 500 కిలో ఓములదాకా ఒప్పుకుంటుంది, 6550 డేటాషీట్ 50 దాటొద్దంటుంది. అది చూడకుండా పెడితే పెద్ద ట్యూబు చిన్నదానికన్నా ముందే అదుపు తప్పి ఎర్రబడుతుంది.

మార్చే రోజు వచ్చినప్పుడు ఒక ఛానెల్‌లోని రెండూ కలిపి, జత కుదిరినవే పెట్టండి. జత కుదరకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో డీసీ సమతూకం తప్పి బాస్ పలచబడుతుంది, హమ్ పెరుగుతుంది. మీలా పని ఆగకూడనివాళ్లు మ్యాచ్ చేసిన నాలుగింటి సెట్టు ఒకటి, ఈసీసీ83 ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది. వాడని ట్యూబు డబ్బాలో దశాబ్దాలు పాడవకుండా ఉంటుంది. కొనగానే ఒకసారి పెట్టి కొన్ని గంటలు నడిపి చూశాకే దాచండి.

వీలైతే ప్లేటు వోల్టేజి, నాలుగు ట్యూబుల కాథోడ్ కరెంటు, హీటర్ దగ్గర ఏసీ వోల్టేజి ఈ మూడూ కొలిపించి పంపండి. ఆ అంకెలు చూస్తే మీ సెట్టు ఏ 1500 గంటల దగ్గర ఆగుతుందో, 3000 దాటుతుందో ఇంచుమించుగా చెప్పగలను.